పోతురాజు ఇంట్లో లేని మంచం

1961 మే 8, సోమవారం

నిన్న మధ్యాహ్నం మూడు గంటలకు నువ్వెక్కడున్నావు? ఏం చేస్తున్నావు? చూసినవాళ్ళెవరు?

తడుముకుంటావు. నాకు తెలుసు. ప్రతి గురువారం సాయంత్రం బట్టల కొట్టు అరుగు మీద, నా కుట్టుమిషను స్టూలెక్కి ఈ మూడు ప్రశ్నలు వేస్తే ఊరు ఊరంతా తడుముకుంటుంది. పైన చిత్రగుప్తుడు కలం పట్టుకుని కూర్చున్నాడు, ఆయన ముందు తల గోక్కుంటే వెంట్రుకలు రాలతాయి గాని పాపం రాలదు అంటాను. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు సర్దుకుంటారు. వెనక వరసలో బీడీలు ఆరిపోతాయి.

నిజానికి ఆ ప్రశ్నలు నావి కావు. మా ఊరి ఠాణాలో హెడ్డు కానిస్టేబులు గోపాలకృష్ణ గారివి. ఆయన దొంగల్ని అడుగుతుండగా, పక్కన కానిస్టేబుళ్ళకు నిక్కర్ల కొలతలు తీసుకుంటూ విన్నాను. మంచి మాట ఎక్కడ దొరికినా ఏరుకోవాలి. బడి మొహం చూడనివాణ్ణి, నాకున్నవన్నీ ఏరుకున్నవే. మిషను సొరుగులో పురాణం ఎప్పుడూ ఉంటుంది, ఖాకీ గుడ్డలో చుట్టి. పట్టుగుడ్డలో చుట్టాలంటారు. ఠాణా వాళ్ళ బట్టలు కుట్టేవాడికి మిగిలేది ఖాకీయే.

ఇవాళ హెడ్డు గారు ఈ నోటుబుక్కు ఇచ్చారు. పోలీసులు జేబులో పెట్టుకునే రకం, పేజీలకు నంబర్లు వేసి ఉన్నాయి. "వీరరాఘవయ్య గారూ, ఇకమీదట చూసింది చూసినట్టు వేడి మీద రాసుకోండి. కిందటిసారి కోర్టులో మీరు చేసిన నిర్వాకానికి ఎస్సై గారు నన్ను వారం రోజులు తిన్నారు" అన్నారు. కిందటిసారి వకీలు, ఆ రోజు ఏ వారమని అడిగాడు. నేను హరిశ్చంద్రుడి దగ్గర మొదలుపెట్టాను. కాటికాపరి ఘట్టం దాకా రానిచ్చి మేజిస్ట్రేటు గారు బల్ల చరిచారు.

హెడ్డు గారు చెప్పిన నియమాలు: ముందు తారీఖు, టైము, చోటు. తర్వాత చూసింది. పేజీ చింపకూడదు. అక్షరం చెరపకూడదు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టాలి. కింద తప్పు కనపడుతూనే ఉండాలి.

ఇంత గొప్ప ధర్మం ఏ మునీ చెప్పలేదు. గురువారం వాడుకుంటాను.

మే 11, గురువారం

మధ్యాహ్నం మూడు గంటలు. ఠాణా.

ఆరేళ్ళుగా ఈ ఠాణాలో దొంగసొత్తు ఎప్పుడు పట్టుకున్నా దగ్గరుండి కళ్ళారా చూశామని సంతకం పెట్టే మధ్యవర్తులం ఇద్దరమే. నేనూ, సోడా కొట్టు వెంకటరమణా. వేరేవాళ్ళు రారు, వస్తే ప్రశ్నలు అడుగుతారు. వెంకటరమణ అడగడు. అతనికి సంతకం తప్ప రాయడం రాదు, అది కూడా కునుకు తీస్తూ పెడతాడు.

ఇవాళ్టి ముద్దాయి పోతురాజు. చాట్రాయి వైపు పాండురంగారావు గారి గుత్త తోటలో చిక్కం కట్టిన గెడతో కాయ దించే మనిషి. తోటలో బంగినపల్లి పళ్ళు గంపెడు ఎత్తుకుపోయి ఇంట్లో దాచాడట. పొద్దున హెడ్డు గారు ఆ గుడిసె నుంచి గంప పట్టుకొచ్చారు. మేం మధ్యవర్తులం కూడా వెళ్ళి చూసినట్టు రిపోర్టు అప్పటికే సగం రాసి ఉంది. గుడిసె రెండు మైళ్ళు. ఎండ మండిపోతోంది. మనోనేత్రంతో చూస్తే గుడిసె ఇక్కడికే కనపడుతుంది. యుద్ధరంగానికి వెళ్ళకుండా యుద్ధమంతా చెప్పిన మహానుభావుడు లేడా.

హెడ్డు గారి భాష మాత్రం దారుణం. "ముద్దాయి ఇంట్లో పళ్ళు దొరికినవి" అని రాశారు.

"ఇంట్లో అంటే ఎక్కడండీ? ఇంటి కప్పు మీదా, పొయ్యిలోనా?" అన్నాను.

"మీరే చెప్పండి."

చెప్పాను. "సదరు ముద్దాయి ఇంటియందు నులకమంచము క్రింద, వరిగడ్డిలో దాచియుంచిన బంగినపల్లి మామిడిపండ్లు గంపెడు మా సమక్షమున బయల్పడినవి. ముద్దాయి ముఖమున పశ్చాత్తాపము తాండవించుచుండెను."

"తాండవం ఎందుకండీ, పాపం నిలబడే ఉన్నాడు" అన్నారు హెడ్డు గారు. కాని రాసుకున్నారు. "మీ చెయ్యి పడితే కాగితం మాట్లాడుద్దండీ" అన్నారు కూడా. ఈ మాట ఆయన ఊరికే అనరు.

సంతకాలయ్యాక గంప మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. పండు నిలవుండదు. కోర్టు దాకా మోసుకెళ్తే ఈగలు సాక్ష్యం చెప్పాలి, చెడిపోయినట్టు రాసేద్దాం అన్నారు హెడ్డు గారు. నేను మూడు తిన్నాను. తియ్యగా ఉన్నాయి. పీచు కాస్త ఎక్కువ.

లాకప్పు ఊచల వెనక నుంచి పోతురాజు మా వైపే చూస్తున్నాడు. జాలేసి ఒక పండు ఇవ్వబోయాను. "వద్దండయ్యా, తినండి. అవి మా ఇంటియ్యే" అన్నాడు.

దొంగలందరూ అంతే అంటారు.

సాయంత్రం సభ బాగా జరిగింది. తప్పు కింద తప్పు కనపడుతూ ఉండాలన్న ధర్మం చెప్పాను. కంట నీళ్ళు పెట్టుకున్నారు.

మే 12

కడుపులో బాగాలేదు. ఎండ దెబ్బ.

మే 13, శనివారం

మా ఆవిడ వరలక్ష్మి చొక్కా ఉతకబోతూ జేబులోంచి మామిడి టెంక తీసింది.

"ఏంటండీ ఇది? ఎవరిచ్చారు?"

"ఠాణాలో."

"ఠాణాలో మామిడిపళ్ళు పెడుతున్నారా ఇప్పుడు? ఎన్ని తిన్నారేంటి?"

"మూడు."

మొన్నటి పేజీలో 'మూడు' మీద గీత కొట్టాను. ఐదు. పొట్టి సంతకం: వీ.రా.

టెంక పారెయ్యకుండా కిటికీలో ఎండబెట్టింది. ఎందుకే అంటే, "చూడండి, ముని గడ్డంలా ఎంత పీచుందో. బంగినపల్లి టెంక ఇట్టా ఉంటుందా?" అంది. ఆడవాళ్ళకు ఠాణా సంగతులు ఎందుకు.

దవడ పన్ను సందున పీచు ఒకటి ఇరుక్కుంది. రావడం లేదు.

మే 18, గురువారం

పాండురంగారావు గారు లాల్చీ కొలతలివ్వడానికి వచ్చారు. చేతులు చాచి నిలబడి ఉల్లాసంగా మాట్లాడారు. కొలతలిచ్చేటప్పుడు మనుషులు కడుపులో మాట దాచుకోలేరు.

"మీ రిపోర్టు భలే ఉందటగా, హెడ్డు చెప్పాడు. ఆ పోతురాజుగాడికి ఈ సీజనంతా సబ్ జైల్లోనే. వాడికి కావాల్సిందే."

"ఎందుకండీ అంత కోపం?"

"బెజవాడ షావుకారు తోటకొచ్చాడయ్యా, మొత్తం సరుకు మాట్లాడేసుకున్నాం, లారీ హనుమాన్ జంక్షన్లో రెడీగా ఉంది. ఆయన ఊరికే, కాయ ముదిరిందా అబ్బీ అని వీణ్ణడిగాడు. ఔనండీ అంటే వాడి సొమ్మేం పోయింది? చెట్టు మీద నుంచే, ఇంకా పదిరోజులు ఆగాలండీ, ఇప్పుడు కోస్తే మాగినా పులుపే అన్నాడు. షావుకారు లారీ తిప్పుకుపోయాడు. ఏరా నీకేం పోయేకాలం అంటే ఏమన్నాడో తెలుసా?"

టేపు ఆయన ఛాతీ చుట్టూ ఉంది. ముప్పై తొమ్మిది.

"గురువారం సభలో విన్నానండీ, అడిగినప్పుడు నిజం చెప్పాలంట, పైన రాసుకుంటారంట అన్నాడు. మీ శిష్యుడేనయ్యా." బాగా నవ్వారు. ఛాతీ నలభై ఒకటి అయింది. మళ్ళీ కొలిచాను.

సాయంత్రం గొంతు బాగాలేక సభ పెట్టలేదు.

మే 19

గొంతు బాగానే ఉంది.

మే 20, శనివారం

పోతురాజు తల్లి వెంకాయమ్మ వచ్చింది. వాళ్ళింట్లో తల్లీ కొడుకూ ఇద్దరే. ముసలిది ఇప్పటికీ తోటల్లో పళ్ళగంపలకు గడ్డి పేర్చే పనికి పోతుంది. అరుగు కింద నిలబడింది. ఏడవలేదు. ఏడిస్తే ఏం చెప్పాలో నాకు తెలుసు, నాలుగు ఓదార్పు మాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఈవిడ అడగడం మొదలుపెట్టింది.

"నాయనా, మావోడి కాగితం నువ్వే రాశావంట. పళ్ళు మంచం కింద దొరికినయ్యంట."

"ఔనమ్మా."

"ఏ మంచం?"

"నులక మంచం."

"ఎవరిది?"

"మీదే."

ఆలోచించింది. నిజంగా గుర్తు చేసుకుంటున్నదానిలా కళ్ళు చిట్లించింది. "నేను ఆ ఇంటికి కాపరానికొచ్చి నలభై ఏళ్ళు నాయనా. చాపే. మావోడు పుట్టింది చాప మీద. మా ఆయన పోయింది చాప మీద. మంచం ఎప్పుడొచ్చిందో నాకు తెలవలా. ఎక్కడేసి ఉంది, నువ్వు చూసినప్పుడు?"

సూదిలో దారం ఎక్కించుకుంటున్నాను. ఎక్కలేదు.

"ఇంకో మాట. ఆ పళ్ళు తోటయ్యి కాదు. మా గుడిసె వెనకమాల చెట్టుయ్యి. నాటు చెట్టు. పళ్ళు చిన్నయ్యి, పీచు. తిన్నోడికి తెలిసిపోద్ది. ఎవరన్నా తిన్నారేమో అడిగి రాయి నాయనా."

విచారిస్తానన్నాను.

(ఐదు మీద గీత. ఎనిమిది. వీ.రా.)

మే 22, సోమవారం

సాయంత్రం ఐదు. ఠాణా వసారా. హెడ్డు గారితో చెప్పాను: "వాళ్ళింట్లో మంచం లేదండీ."

"ఏ ఇంట్లో?"

"పోతురాజు ఇంట్లో."

"మంచం మీరే కదండీ వేశారు?"

"నేనే అండి."

హెడ్డు గారు చాలాసేపు టీ ఊదుకున్నారు. చెడ్డవాడు కాదు. ముగ్గురు ఆడపిల్లల తండ్రి, కాళ్ళ నొప్పులు, తాను రాసిన ప్రతి కాగితం పైన ఎవరో చదివి ఎర్రసిరాతో గీస్తారన్న భయం. నేను చిత్రగుప్తుడి గురించి చెబుతాను, ఆయన ఎస్సై గారి కింద పనిచేస్తున్నాడు.

"గీత కొట్టి సరిచేద్దామండీ. చాప మీద అని రాద్దాం" అన్నాను.

"రిపోర్టు కోర్టుకెళ్ళిపోయింది. అయినా కొట్టాలంటే నేను, మీరు, వెంకటరమణ ముగ్గురం పొట్టి సంతకాలు పెట్టాలి, ఎందుకు కొట్టామో పక్కన రాయాలి. ఏమని రాద్దాం? వెళ్ళలేదు, చూళ్ళేదు, ఎండగా ఉందని రాద్దామా?"

మెడలో టేపు తీసి చుట్టడం మొదలుపెట్టాను.

"రేపు వాడి తరఫు వకీలెవరన్నా గుడిసె చూద్దామంటే మన ముగ్గురికీ ఉంటుంది. కాగితం మారదండీ వీరరాఘవయ్య గారూ. గుడిసె మారుద్ది." గ్లాసు కింద పెట్టారు. "మీ ఇంట్లో మంచాలు రెండు కదూ?"

మే 23

"ఏ మంచమైనా తీసుకెళ్ళండి. నా మంచం కాదు" అంది వరలక్ష్మి.

ఆమె మంచం పట్టెమంచం. రిపోర్టులో నులకమంచమని ఉంది. నాది నులక.

మే 24, బుధవారం

ఉదయం ఎనిమిదిన్నర. బజారు.

వెంకటరమణ సోడా బండి మీద నా మంచం ఎక్కించాం. కాళ్ళు పైకి పెట్టి. బండి కదిలితే సోడాలు గలగలమంటాయి, గలగలమంటే ఎండాకాలం పిల్లా పెద్దా వస్తారు.

"ఏంటి అయ్యవారూ, మంచం ఎక్కడికి?"

"అమ్మగారితో పోట్లాటా?"

"అయ్యవారు సన్యాసం పుచ్చుకుంటున్నట్టున్నార్రా."

"దానం" అన్నాను. అన్నాక అదే నిజమనిపించింది. శిబి చక్రవర్తి తొడ మాంసం కోసిచ్చాడు. మంచం తొడ కంటే పెద్దది.

గుడిసెలోకి మొదటిసారి అడుగుపెట్టాను. మొదటిసారి అని రాయకూడదు, కానీ చెరపకూడదు. ఒకే ఒక గది. గోడకు చిక్కం కట్టిన గెడ ఆనించి ఉంది. చాప చుట్టి మూల పెట్టి ఉంది. హెడ్డు గారు చెయ్యి ఊపుతూ నిలబడ్డారు: "పొయ్యి పక్కన కాదు, ఇటు గోడకి. కింద గంప పట్టాలి. ఇంకాస్త ఇటు."

వెంకాయమ్మ పనికి పోయి ఉంటుందనుకున్నాం. పోలేదు. గుమ్మంలో నిలబడి మంచాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. దగ్గరికొచ్చి నులక మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది.

"మా ఇంట్లో మంచం లేదన్నానని ఇంతదూరం మోసుకొచ్చావా నాయనా. ఎంత ధర్మాత్ముడివి. నీ కడుపు చల్లగుండ."

హెడ్డు గారు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. వెంకటరమణ బయట ఒక సోడా కొట్టి తనే తాగాడు.

గుడిసె వెనక్కి పిలిచి చెట్టు చూపించింది. నిటారుగా పోయిన నాటు చెట్టు, కింద గుప్పెడంత పసుపు పళ్ళు. ఒకటి తుడిచి చేతిలో పెట్టింది. తినలేదు. ముక్కు దగ్గరికి వచ్చేసరికే తెలిసిపోయింది.

ప్రపంచంలో మామిడిపళ్ళన్నీ ఒకే వాసన వేస్తాయి.

మే 27

చాప మీద పడుకుంటున్నాను. నడుం.

మే 29, సోమవారం

ధర్మరాజు గురించి ఆలోచించాను. ఆయన ఒక్క సగం అబద్ధమాడాడు, అదీ గెలవాలని. అయినా చివరికి స్వర్గానికి వెళ్ళాడు, కుక్కతో సహా. కాబట్టి ఒక్క అబద్ధం వల్ల ఏమీ కాదు.

పురాణంలో ఆ అబద్ధం దగ్గరే ఒక మాట ఉంది, ఇన్నాళ్ళూ సభలో గబగబా దాటేసేవాణ్ణి. అప్పటిదాకా ఆయన రథం నేలకు నాలుగంగుళాలు పైన నడిచేదట. ఆ మాట అన్నాక దబ్బున నేల మీద పడింది.

ఆయన రథం నాలుగంగుళాలు దిగింది. నా మంచం రెండు మైళ్ళు నడిచింది.

జూన్ 1, గురువారం

సభ పెట్టాను. దానం గురించి చెప్పాను. మూడు ప్రశ్నలు వెయ్యలేదు. ఎవరో వెనక నుంచి, "అయ్యవారు ఇవాళ లెక్చరు తిప్పేశారేంట్రా" అన్నారు.

జూన్ 5

నూజివీడు కోర్టు నుంచి సమను. ఈ నెల పన్నెండు, సోమవారం. నేను మొదటి సాక్షిని.

పీచు ఇంకా ఉంది. పుల్లతో పొడిచాను, చిగురు వాచింది.

జూన్ 8, గురువారం

సాయంత్రం ఆరున్నర. బట్టల కొట్టు అరుగు.

ఈసారి అడక్కపోతే జనం ఊరుకోరనిపించి స్టూలెక్కి అడిగేశాను. గొంతు మామూలుకంటే పెద్దగానే పెట్టాను. నిన్న మధ్యాహ్నం మూడు గంటలకు నువ్వెక్కడున్నావు? ఏం చేస్తున్నావు? చూసినవాళ్ళెవరు?

ముందు వరసలో వెంకాయమ్మ లేచి నిలబడింది. ఎప్పుడొచ్చిందో చూడలేదు. సభలో లేచి నాకు జవాబు చెప్పినవాళ్ళు ఈ పదేళ్ళలో ఎవరూ లేరు.

"నిన్న మూడింటికి నీ మంచం మీద పడుకున్నా నాయనా. ఎండగా ఉంటే. నీ పేరు చెప్పుకుని నిద్దరపోయా. మా పక్కింటోళ్ళు చూశారు."

జనం నవ్వారు. నేనూ నవ్వాను. కూర్చుంటుందనుకున్నాను.

"నువ్వు మా ఇంటికి ఆ గురువారం మూడింటికి వచ్చావంటగా. కాగితంలో ఉందంట. నాకు బెంగగా ఉంది నాయనా. అంత పెద్దోడివి మా గడపలోకొచ్చి మంచినీళ్ళు కూడా తాగకుండా పోయావేంటి? నేను ఇంట్లోనే ఉన్నా. మిగిలిన పళ్ళు మాగేసుకుంటా ఉన్నా. పొద్దున హెడ్డుగారు ఒక్కడే వచ్చి గంప ఎత్తుకుపోయాడు. నిన్ను చూళ్ళేదే. ఎటేపు నుంచి వచ్చావు?"

ఎవరూ నవ్వలేదు. కునుకులో ఉన్న వెంకటరమణ ఒక్కడు మాత్రం ఉలిక్కిపడి, "సంతకం ఎక్కడ?" అన్నాడు.

"అమ్మా, ఈ విషయం కోర్టులో ఉంది. సభలో మాట్లాడకూడదు" అన్నాను.

"సరే నాయనా. కోర్టులోనే చెప్పు. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. నువ్వు చెప్తే నమ్ముతా. మావోడూ అంతే. నువ్వు చెప్పావనే గదా ఆ రోజు షావుకారుకి నిజం చెప్పాడు. లేకపోతే ఈపాటికి చెట్టు మీద ఉండేవాడు."

కూర్చుంది. కొంగుతో నేల తుడుచుకుని మరీ కూర్చుంది, తర్వాత ఏం చెబుతానో వినడానికి.

స్టూలు దిగాను. దిగడానికి చాలాసేపు పట్టింది.

జూన్ 9

రాయడానికి ఏమీ లేదు.

జూన్ 10

ఏమీ లేదు.

జూన్ 11, ఆదివారం

సాయంత్రం హెడ్డు గారు ఇంటికొచ్చి పాఠం చెప్పించారు. ఆయన వకీలు, నేను సాక్షి.

"మే పదకొండు మధ్యాహ్నం మూడు గంటలకు ఎక్కడున్నారు?"

"ముద్దాయి ఇంట్లో."

"సొత్తు ఎక్కడ దొరికింది?"

"నులక మంచం కింద."

"మంచం ఎటు ఉంది?"

"గోడకి." అది మాత్రం నిజంగా చూశాను. నేనే ఓ కాలు పట్టుకుని జరిపాను.

"బాగుంది. హరిశ్చంద్రుడి జోలికి వెళ్ళకండి." లేచి చెప్పులేసుకుంటూ గుమ్మంలో ఆగారు. నా మొహంలో ఏం చూశారో. "వీరరాఘవయ్య గారూ, అక్కడికెళ్ళి మీరు ఇంకో మాటంటే తప్పుడు రిపోర్టు మీద సంతకం పెట్టినందుకు మీ మీద కేసవుద్ది. నా ఉద్యోగం సంగతి సరే. మీ కేసు రాయాల్సింది ఎవరనుకున్నారు? నేనే. నా భాష మీకు తెలుసు కదా. ఎవరు దిద్దుతారు?" నవ్వబోయారు. రాలేదు. "ఠాణా బట్టలు కూడా ఇంకెవరికో ఇవ్వాలి. రేపు ఎనిమిదిన్నర బస్సుకి కలిసి వెళ్దాం. నేనే వచ్చి పిలుస్తాను."

ఆయన వెళ్ళాక వరలక్ష్మి అన్నం పెట్టింది. పెరుగు పోస్తూ అడిగింది.

"ఎన్ని తిన్నారండీ నిజంగా?"

"ఎనిమిది."

పెరుగు గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది.

"పదకొండు" అన్నాను.

"పిల్లాడు లోపల ఊచలు పట్టుకుని చూస్తుంటే పదకొండు."

"ఒకటి ఇవ్వబోయాను. వద్దన్నాడు."

"వాడివి వాడికే ఇవ్వబోయారా." కిటికీలోంచి టెంక తీసి, రేపు వేసుకునే చొక్కా జేబులో పడేసి, చొక్కా మడతపెట్టి నా చాప పక్కన పెట్టింది. తన పట్టెమంచం ఎక్కి అటు తిరిగి పడుకుంది.

ఎనిమిది మీద గీత. పదకొండు. వీ.రా.

జూన్ 12, సోమవారం

ఉదయం ఆరున్నర. ఇల్లు.

తెల్లవారగట్ల పుక్కిలిస్తుంటే పీచు ఊడి వచ్చింది. నెల రోజులు దవడలో ఉంది. వెంట్రుకంత సన్నం, పసుపు రంగు. బంగినపల్లికి పీచు ఉండదు. మామిడి దేశంలో పుట్టినవాడికి ఈ మాట ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటి పండు మొదటి కొరుకులోనే తెలుసు నాకు. తెలిసి మిగతా పదీ తిన్నాను. నెల రోజుల నుంచి ఈ పుస్తకంలో అంకెల మీద గీతలు కొడుతూ కూర్చున్నాను, అబద్ధం అంకెలో ఉందన్నట్టు.

హెడ్డు గారి పద్ధతిలోనే రాస్తున్నాను. వేడి మీద కాదు, చల్లారిపోయాక. అయినా చెరపకుండా.

తారీఖు: మే 11. టైము: మధ్యాహ్నం మూడు. చోటు: ఠాణాలో గంప పక్కన. చేస్తున్న పని: పోతురాజు తల్లి మాగేసుకున్న పళ్ళు పదకొండు తినడం, చూడని ఇంట్లో లేని మంచం వెయ్యడం. చూసినవాళ్ళు: హెడ్డు గారు, వెంకటరమణ (నిద్రలో), ఊచల వెనక పోతురాజు. ఇంకా పైన ఒకాయన. ఆయన దగ్గర పొట్టి సంతకాలు చెల్లవు.

పశ్చాత్తాపం తాండవించిందని రాశాను. మే పదకొండున అది ఎవరి మొహంలోనూ లేదు. ఇవాళ అద్దంలో చూసుకున్నాను, తాండవం అంత పెద్ద మాట అక్కర్లేదు. ముసలితనంలా ఉంది.

ఖాకీ పోతే పోతుంది. చీరలకు అంచులు కుడతాను. కేసు రాస్తే రాస్తారు, భాష ఎంత ఘోరంగా ఉన్నా వాక్యం నిజమైతే చాలు. గురువారం స్టూలెక్కితే జనం ఉంటారో లేదో. ఉంటే మొదట నేనే జవాబు చెప్పి తర్వాత అడుగుతాను. మంచం మాత్రం వెనక్కి అడగను. అది ఆవిడది. రిపోర్టులో రాసి ఉంది.

ఎనిమిదిన్నరకు హెడ్డు గారు వస్తారు. ఆయన పక్క సీట్లో కూర్చుంటే నూజివీడు దాకా పాఠం చెబుతారు, చెబితే నేను అప్పజెబుతాను, నా సంగతి నాకు తెలుసు. ఏడుంపావుకి ఒక బస్సు ఉంది.

లే వీరరాఘవయ్యా. చొక్కా తొడుక్కో. టెంక జేబులో ఉందో లేదో తడిమి చూసుకో, ఈ పుస్తకం తీసుకో, పురాణం సొరుగులోనే వదిలెయ్, ఇవాళ దానితో పని లేదు. వచ్చే గురువారం కాదు, హెడ్డు గారితో ఒక్క మాట చెప్పాక కాదు. సబ్ జైల్లో వాడు లేచి కూర్చుని ఉంటాడు. హెడ్డు గారి సైకిలు బెల్లు వినపడక ముందే గడప దాటు. రాసింది చాలు, కలం కింద పెట్టి ఇప్పుడే బయల్దేరు.